తెల్ల సుద్ద, పసుపు సుద్ద

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం బుధవారం అందింది. రెండుసార్లు చదివాను. ఫోను చేద్దామని చేతిలోకి తీసుకుని కూడా ఆగాను. నువ్వడిగింది ఫోనులో తేలే మాట కాదు. నాలుగు పేజీలు ఓపిగ్గా రాశావు, నేనూ ఓపిగ్గానే జవాబు రాస్తాను.

ఉద్యోగంలో చేరి మూడు వారాలు. వారానికి 16 గంటల క్లాసులు. బి.ఎస్సీ. పిల్లలకు మెకానిక్సు, ఎం.ఎస్సీ. వాళ్ళకు న్యూక్లియర్ ఫిజిక్సు, రెండు పూటలు ప్రాక్టికల్సు. ఆరేళ్ళు యాక్సిలరేటర్ల చుట్టూ తిరిగి వచ్చావు. ఇక్కడ అల్మారా తెరిస్తే దుమ్ము పట్టిన సోడియం అయొడైడ్ డిటెక్టరు ఒకటి, పనిచేస్తుందో లేదో తెలియని అనలైజరు ఒకటి. "అత్తా, నా రీసెర్చి ఇక్కడితో సరా?" అని అడిగావు.

కాదు. నీకు ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. ముప్పై మూడేళ్ళు అవే క్లాసులు చెప్పాను, వాటి సందుల్లోనే నాకు చేతనైన కొలతలు కొలిచాను. నీ పరిశోధన ఆగదు, దాని నడక మారుతుంది. మారిన ఆ నడకను నువ్వే చిన్నచూపు చూస్తావేమోనని నా బెంగ.

అసలు మన విద్య, ఈ న్యూక్లియర్ ఆస్ట్రోఫిజిక్సు, నడకే నెమ్మది. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1400 మీటర్ల రాతి మరుగున, లూనా బృందం హీలియం-3 కేంద్రకాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించిన సంగతి నీకు తెలుసు. సూర్యుడి గర్భంలో ఏ శక్తుల దగ్గర ఆ చర్య జరుగుతుందో సరిగ్గా ఆ శక్తుల దగ్గర కొలిచారు. అన్నిటికంటే కింది మెట్టు దగ్గర వాళ్ళకు దొరికినవి నెలకు రెండు కౌంట్లు. నెలకు రెండు! రాత్రీ పగలూ పుంజం నడిపి, ఆ రెండింటి కోసం కాచుకుని కూర్చున్నారు. అంత ఓపిక అలవాటైన విద్యలో పెరిగినదానివి, మూడు వారాలకే లెక్క తేల్చేస్తే ఎలా?

సరే, నీ ఎం.ఎస్సీ. క్లాసు సంగతికి వస్తాను. నువ్వు వాళ్ళకు థర్మోన్యూక్లియర్ చర్యల పాఠం మొదలుపెట్టబోతున్నానని రాశావు. ఆ పాఠానికి నేను ఎప్పుడూ రెండు సుద్దముక్కలు పట్టుకెళ్ళేదాన్ని, తెల్లది ఒకటి, పసుపుది ఒకటి. బోర్డు మీద అడ్డంగా శక్తి, నిలువుగా క్రాస్ సెక్షను గీసి మొదలుపెట్టేదాన్ని. సూర్యుడి నడిబొడ్డున కోటిన్నర డిగ్రీల వేడి. వినడానికి ఎంతో అనిపిస్తుంది గానీ, ఆ వేడిలో ఒక ప్రోటానుకు సగటున దక్కే శక్తి ఒకటి రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. ఎదురుగా ఉన్న విద్యుత్ వికర్షణ గోడ ఎత్తు దానికి కొన్ని వందల రెట్లు. గోడ దూకడం కుదరదు, లోంచి దూరాలి. 1928లో గామో చెప్పిన టన్నెలింగ్ అదే. శక్తి కొంచెం తగ్గితే చాలు, దూరే అవకాశం పాతాళానికి పడిపోతుంది. అందుకే నక్షత్రంలో చర్య జరిగే చోట మన లాబుల్లో కౌంట్లు రావు, కౌంట్లు వచ్చే చోట నక్షత్రం లేదు.

అప్పుడేం చేస్తాం? పడిపోయే ఆ తీరులో ఎక్కువ భాగం గోడ వల్లనే అని తెలుసు కాబట్టి, దాన్ని లెక్కలోంచి విడదీసేస్తాం. మిగిలింది ఎస్-ఫ్యాక్టరు. అది చాలావరకు నింపాదిగా మారుతుంది, కాబట్టి కొలిచిన చోటి నుంచి నక్షత్రం ఉన్న చోటికి పొడిగించవచ్చు. కొలిచిన బిందువులను నేను తెల్ల సుద్దతో పెట్టేదాన్ని. పొడిగించిన గీతను పసుపు సుద్దతో వేసేదాన్ని. తెలుపు ఎక్కడ ఆగిందో అక్కడ ఒక నిలువు గీత గీసి, "ఇక్కడి దాకా చూశాం, ఇక్కడి నుంచి నమ్ముతున్నాం" అని చెప్పేదాన్ని. అమ్మడూ, ఈ ఉత్తరంలో నీకు చెప్పదలచుకున్నది నిజానికి ఈ రెండు రంగుల సంగతే. పరిశోధనలోనూ, క్లాసులోనూ, రేపు నీ దగ్గరికి "మేడం, ఏం చేయమంటారు" అని వచ్చే పిల్లల దగ్గరా నిన్ను నిలబెట్టేది అదే.

పసుపు గీత ఎంత మోసం చేయగలదో నైట్రోజన్-14 కథ చెబుతుంది. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ చక్రం మొత్తంలో అన్నిటికంటే నెమ్మదైన మెట్టు, నైట్రోజన్-14 ఒక ప్రోటానును పట్టుకోవడం. చక్రం వేగమంతా దాని చేతిలో ఉంటుంది. దశాబ్దాల పాటు పైశక్తుల దగ్గర కొలిచి కిందికి పొడిగించారు. 2004లో లూనా వాళ్ళు ఇంకా కిందికి దిగి కొలిచేసరికి అసలు విలువ పాత అంచనాలో దాదాపు సగమే. దాంతో గోళాకార నక్షత్ర గుచ్ఛాల వయసు లెక్కలు డెబ్బై కోట్ల ఏళ్ళకు పైగా పెరిగాయి. పాతవాళ్ళ బిందువుల్లో తప్పు లేదు. మనం కొలవగల హద్దుకు కింద, కంటికి ఆనని ఒక శక్తిస్థాయి ఉంది. దాని పాలు ఎంతో సరిగ్గా తెలియక పసుపు గీత పైకి పోయింది. పేపరు చదివిననాడు నేను క్లాసులో పాత గ్రాఫు మళ్ళీ గీసి, పసుపు గీత తుడిచి, దాని కిందుగా తెల్ల చుక్కలు పెట్టాను. వెనక బెంచీ పిల్లలు కూడా నిశ్శబ్దంగా చూశారు.

నా తెల్ల చుక్కలే తప్పైన సంగతి కూడా నీకు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎందుకో చెప్పలేదు. పిహెచ్‌.డి. మూడో ఏడు. ప్రోటాన్ పుంజం దొరికే ఒక చిన్న యంత్రం దగ్గర నాకు నాలుగు రాత్రులు ఇచ్చారు. రెండో రాత్రి తెల్లవారుజామున ఆరు మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటాక స్పెక్ట్రమ్‌లో చక్కటి శిఖరం లేచింది. నేను కొలుస్తున్న కేంద్రకంలో ఎవరూ చూడని రెజొనెన్సు అనుకున్నాను. శక్తి కొంచెం అటూ ఇటూ మార్చితే శిఖరం తగ్గుతోంది, మళ్ళీ అక్కడికే తెస్తే లేస్తోంది. ఇంకేం కావాలి? నిద్ర పోలేదు. ఊరు చేరేలోపు రైల్లోనే సింపోజియానికి పంపడానికి ఒక పేజీ రాసేశాను, పంపేశాను కూడా.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు, అక్కడ టార్గెట్లు తయారుచేసే పెద్దాయన స్పెక్ట్రమ్ కాగితం చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే: "టాంటలం పళ్ళేన్ని దేనితో కడిగారమ్మా?" హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో కడిగాను. అందరూ అలాగే కడుగుతారు. ఆ ఆమ్లంలోని ఫ్లోరిన్ కొంచెం లోహం మీద మిగిలిపోయింది. ఫ్లోరిన్-19ని ప్రోటాను తాకితే వచ్చే గామా కిరణం 6.13 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. నా రెజొనెన్సు అదే. కొత్త పళ్ళెం, ఉత్త పళ్ళెం, టార్గెట్టు లేకుండా పుంజం కింద పెట్టి చూశాను. శిఖరం అలాగే ఉంది. పంపిన పేజీ వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం రాసినప్పుడు చేతులు వణికాయి. కానీ ఆనాటి నుంచి ఉత్త పళ్ళెం కొలవకుండా నేను ఏ సంఖ్యా బయట పెట్టలేదు. నువ్వూ పెట్టకు. బీమ్ టైమ్ ఎంత తక్కువైనా సరే, అందులో మూడో వంతు ఖాళీ టార్గెట్టుకు తీసి పెట్టు. పక్కవాళ్ళు వృథా అంటారు. అననీ.

దీనికి రెండో వైపు ఒకటి ఉంది. కొలిచినదాన్ని పెద్దవాళ్ళ కోసం వదులుకోవడం. సిసీలియా పేన్ 1925 నాటి థీసిస్ నీకు తెలుసు. మన మేఘనాద్ సాహా అయనీకరణ సమీకరణం చేతపట్టుకుని నక్షత్రాల వర్ణపటాలు చదివింది. నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని తేలింది. అప్పటి దిగ్గజం హెన్రీ నోరిస్ రసెల్ అది అసంభవం అన్నాడు. ఆ అమ్మాయి తన థీసిస్‌లోనే, ఈ విలువ నిజం కాకపోవచ్చని రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళకు రసెలే వేరే దారిలో అక్కడికి చేరాడు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. ఆమె తెల్ల సుద్దతో రాసినదాన్ని పసుపు అని ఒప్పుకోమన్నారు. నీ పైవాళ్ళు ఎవరైనా అలా అంటే, మర్యాదగా విను, లెక్క మళ్ళీ చూసుకో, ఉత్త పళ్ళెం మళ్ళీ కొలువు. అప్పటికీ నిలబడితే మాత్రం మార్చకు.

ఇక క్లాసుల సంగతి. "పాఠాలు నా టైమంతా తినేస్తున్నాయి" అని రాశావు. ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం మార్చింది ఒక బి.ఎస్సీ. కుర్రాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. సూర్యుడిలో సెకనుకు అరవై కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియం అవుతుందని నేను గొప్పగా చెబుతుంటే లేచి, "మరి బాంబులాగ ఒక్కసారే పేలిపోడేం మేడం?" అన్నాడు. నాకు జవాబు తెలుసనే అనుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, సగమే తెలుసని. మర్నాడు చెబుతానన్నాను.

ఆ రాత్రి కూర్చుని మొదటినుంచి లెక్క వేశాను. రెండు ప్రోటాన్లు కలిసి డ్యూటెరాన్ కావాలంటే, గోడలోంచి దూరిన ఆ క్షణంలోనే ఒక ప్రోటాను న్యూట్రానుగా మారాలి. అది బలహీన బలం చేసే పని, ఎంతో అరుదు. సూర్యుడి గర్భంలో ఒక ప్రోటాను తన వంతు కోసం సగటున దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ళు ఆగాలి. అందుకే అంత నిదానం. సూర్యుడు వెలువరించే శక్తిని అతని బరువుతో భాగిస్తే కిలోకు 0.0002 వాట్లు వస్తుంది. మన ఒళ్ళు కూర్చున్న చోటే కిలోకు ఒకటిన్నర వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. నడిబొడ్డున చూసినా ఘనమీటరుకు మూడు వందల వాట్లు లేవు. మర్నాడు క్లాసులో అడిగాను: "మీలో ఎంతమంది ఇళ్ళ దగ్గర పెంటకుప్ప ఉంది?" సగం చేతులు లేచాయి. చలికాలం పొద్దున్నే దాన్ని పారతో తిరగేస్తే ఆవిరి వస్తుంది కదా, సూర్యుడి గర్భంలో ఒక ఘనమీటరు పుట్టించే వేడి కూడా ఇంచుమించు అంతే, ఆయన పెద్దతనం వల్ల వెలుగుతున్నాడు అని చెప్పాను. పైగా కాస్త వేడెక్కితే ఉబ్బుతాడు, ఉబ్బితే చల్లబడతాడు, చర్య తగ్గుతుంది. తన మంట తనే సర్దుకుంటాడు. ఆ కుర్రాడి మొహం ఇప్పటికీ కళ్ళముందుంది. ఆ లెక్క చేసిన రాత్రే ఎస్-ఫ్యాక్టరు గురించి నాకు అంతకుముందు పట్టని ఒక ప్రశ్న పట్టింది. తర్వాత రెండేళ్ళు దాని మీదే పనిచేశాను. అలాంటి ప్రశ్న నాకు సెమినారు హాల్లో ఎన్నడూ దొరకలేదు.

కాబట్టి తెలుగులో అడగనివ్వు వాళ్ళను. ప్రశ్న వచ్చేటప్పుడు భాష అడ్డం పడకూడదు. కేంద్రకం అన్నా న్యూక్లియస్ అన్నా ఒకటే, పరీక్షలో ఇంగ్లీషులో రాసుకుంటారు. తెలియనిది వస్తే "తెలియదు, చూసి చెబుతాను" అను, తప్పకుండా చూసి చెప్పు. చెప్పడం మరిచిపోతే మాత్రం వాళ్ళు మరవరు.

ప్రాక్టికల్స్ గురించి కటువుగానే చెబుతాను. మన కాలేజీల్లో రీడింగులు వండటం ఎంత మామూలైపోయిందో నువ్వు చదువుకునేటప్పుడే చూశావు. సింపుల్ పెండ్యులమ్ చేస్తే బ్యాచి మొత్తానికి 9.8 వస్తుంది, రెండో దశాంశం కూడా తేడా ఉండదు. సీనియర్ల రికార్డు చూసి దింపుతారు, మేం సంతకాలు పెట్టేస్తాం. వాళ్ళను తప్పు పట్టి లాభం లేదు, 9.8 వస్తేనే మార్కులని మనమే నేర్పాం. నేను చివరి పదిహేనేళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నాను. 9.3 వచ్చి, ఎందుకు తేడా వచ్చిందో దారం పొడవు దగ్గర్నుంచి స్టాప్ వాచీ దాకా వెతికి రాసినవాళ్ళకు పూర్తి మార్కులు. సరిగ్గా 9.80 వచ్చి, తప్పు అవధి రాయనివాళ్ళకు సగం. మొదటి ఏడు గొడవైంది. ఒక తండ్రి వచ్చి కేకలేశాడు. రెండో ఏటి నుంచి పిల్లలు నిజం రాయడం మొదలుపెట్టారు. పందొమ్మిదేళ్ళకు 9.80 వండినవాడు ముప్పై ఏళ్ళకు ఫ్లోరిన్ శిఖరాన్ని రెజొనెన్సు అని అచ్చు వేయించుకుంటాడు. నీ 16 గంటల్లో ఆ రెండు పూటల ప్రాక్టికల్సే అన్నిటికంటే విలువైనవి అని నా నమ్మకం.

ఇప్పుడు నీ సొంత పని. పెద్ద యంత్రం నీ ఊళ్ళో లేదు. నా ఊళ్ళోనూ లేదు. ఢిల్లీలో పెల్లెట్రాన్ పెట్టిందే మనలాంటి విశ్వవిద్యాలయాల వాళ్ళ కోసం. అది న్యూక్లియర్ సైన్స్ సెంటర్ అని పిలిచే రోజుల నుంచి నేను సమతా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ అంటున్నారు. ప్రతిపాదన రాయాలి, కమిటీ ముందు నిలబడి సమర్థించుకోవాలి, షిఫ్టుల లెక్కన పుంజం ఇస్తారు. అడిగిన దాంట్లో సగం వస్తే సంతోషించు. కోల్‌కతాలో సాహా ఇన్‌స్టిట్యూట్‌లో మన విద్య కోసమే ఫ్రేనా యంత్రం వచ్చింది, మూడు మిలియన్ వోల్టులది. నా కాలంలో అలాంటిది ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. నీకు ఉంది. సెలవుల్లోనే వెళ్ళాల్సి వస్తుంది, వెళ్ళు. వెళ్ళినప్పుడల్లా ఒక ఎం.ఎస్సీ. పిల్లనో పిల్లాడినో వెంట తీసుకెళ్ళు.

నేరుగా కొలవలేని చర్యను పక్కదారిన పట్టుకోవడం మన దేశంలో బాగా చేశారు. దాని వెనక ఉన్న రే డేవిస్ సంగతి ఎరుగుదువు కదా. అమెరికాలో దక్షిణ డకోటాలోని బంగారు గనిలో, బట్టలు ఉతికే ద్రావకం దాదాపు 600 టన్నులు తొట్టెలో నింపి, సూర్యుడి న్యూట్రినోలు క్లోరిన్‌ను ఆర్గాన్‌గా మార్చితే ఒక్కొక్క పరమాణువునూ ఏరి లెక్కపెట్టాడు. రావలసిన దాంట్లో మూడో వంతే వచ్చాయి. ముప్పై ఏళ్ళు అటూ ఇటూ వాదనలు. సూర్యుడి లెక్కలు తప్పనో, ఆయన రసాయనశాస్త్రం తప్పనో అన్నారు. తొట్టెకు ఎక్కువగా తగిలేవి బోరాన్-8 న్యూట్రినోలు. ఆ బోరాన్-8 ఎంత పుడుతుందన్నది బెరీలియం-7 ప్రోటానును పట్టుకునే రేటు మీద ఆధారపడుతుంది. కాబట్టి మనవాళ్ళంతా ఆ రేటును మళ్ళీ మళ్ళీ కొలిచారు. ఢిల్లీలో హైరా అనే పరికరం దగ్గర బెరీలియం-7 పుంజాన్నే తయారుచేసి, డ్యూటీరియం మీదికి పంపి, పక్కదారిన ఆ ఎస్-ఫ్యాక్టరును తీశారు. చివరికి డేవిస్ లెక్కా సరైనదే, సూర్యుడి లెక్కా సరైనదే అని తేలింది. న్యూట్రినోలు దారిలో రూపం మార్చుకుంటున్నాయి. ఆయనకు 2002లో నోబెల్ వచ్చేసరికి 80 దాటాయి. ఆ ముప్పై ఏళ్ళూ ఆయన తన మూడో వంతును పెంచలేదు, తగ్గించలేదు.

యంత్రం దొరకని నెలల్లో చేతులు ముడుచుకోవద్దు. మీసా, టాలిస్, అజూర్ అన్నీ ఉచితంగా దొరికే ప్రోగ్రాములే, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తాయి. ప్రపంచంలో కొలిచిన పాత డేటా అంతా ఎక్స్‌ఫోర్‌లో పోగై ఉంది. ఒక్క చర్య ఎంచుకో. దాని మీద 1950ల నుంచి ఎవరెవరు ఏం కొలిచారో, ఉత్త పళ్ళెం ఎవరు చూశారో, ఎవరు చూడలేదో తవ్వు. అజూర్‌లో పెట్టి మళ్ళీ పొడిగించు. ఆ పని తక్కువ పని అనుకోకు. కార్బన్-12 హీలియంను పట్టుకుని ఆక్సిజన్ అయ్యే చర్య సంగతే చూడు. మన ఒంట్లో కార్బన్, ఆక్సిజన్ పాళ్ళు నిర్ణయించింది అదే. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా కావలసినంత కచ్చితంగా చేతికి చిక్కలేదు. నక్షత్రం ఉన్న చోట ఇంకా అంతా పసుపు గీతే. అందులో నీ వంతు ఒక మంచి చుక్క పెడితే చాలు. డబ్బు కట్టమనే పత్రికల్లో మాత్రం అచ్చు వేయించకు, పాయింట్లు ఎన్ని తగ్గినా సరే. పని చేయని పేపరు మీద పేరు పెట్టించుకోకు.

ఇంట్లో వాళ్ళ మాట. నేను మొదటిసారి ఢిల్లీ బీమ్ టైమ్‌కు వెళ్ళినప్పుడు మీ బావకు మూడేళ్ళు. మీ నానమ్మ దగ్గర పన్నెండు రోజులు వదిలి వెళ్ళాను. వీధిలో చాలామంది చాలా అన్నారు. మీ నానమ్మ ఒక్క మాట అనలేదు, వాడికి గోరుముద్దలు పెట్టి నాకు ఉత్తరం కూడా రాసింది. నీకు అలాంటి మనిషిని నువ్వే వెతుక్కోవాలి, ముందే చెప్పి ఒప్పించుకోవాలి. మార్గరెట్ బర్బిడ్జ్ అంతటి ఆవిడను ఆడదని మౌంట్ విల్సన్ దుర్భిణి దగ్గరికి రానివ్వకపోతే, భర్త పేరు మీద ఫెలోషిప్ తీసుకుని, ఆయన సహాయకురాలిగా వెళ్ళి రాత్రులు పరిశీలించింది. మూలకాలు నక్షత్రాల్లో ఎలా పుట్టాయో చెప్పిన 1957 నాటి పేపరులో మొదటి పేరు ఆమెదే. రాత్రి షిఫ్టు ఇస్తే వద్దనకు. శాలువా పట్టుకెళ్ళు, కంట్రోల్ రూమ్‌లో ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది.

పిల్లలు భవిష్యత్తు గురించి అడిగినప్పుడు జాగ్రత్త. చురుకైన పిల్లను చూడగానే "నువ్వు సైంటిస్టువి అవుతావు" అనాలనిపిస్తుంది. అది పసుపు గీత. పర్మనెంటు పోస్టులు ఎన్ని పడుతున్నాయో, నెట్ రాశాక ఎన్నేళ్ళు గెస్టు ఫ్యాకల్టీగా నెట్టుకొస్తున్నారో నీకు తెలుసు. అది దాచకుండా చెప్పు. గామా స్పెక్ట్రమ్ చదవడం వచ్చినవాళ్ళకు బార్క్ ట్రైనింగ్ స్కూలుంది, హైదరాబాద్‌లో అణు ఖనిజాల డైరెక్టరేట్ ఉంది, క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ లెక్కలు చూసే ఉద్యోగాలున్నాయి. అవి కూడా అంత గౌరవంగానే చెప్పు. నా విద్యార్థుల్లో ఇద్దరే పిహెచ్‌.డి. దాకా వెళ్ళారు. ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి ఇప్పటికీ ఫోను చేసి, "మేడం, ముందు ఖాళీ రీడింగే తీసుకుంటున్నాను" అంటుంది.

నేను చదువుకున్న న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద గోదావరి ప్రాంతంలో పుట్టి, సన్యాసం పుచ్చుకుని, ఆ కాషాయంతోనే ఐరోపా వెళ్ళి ఫిజిక్సు నేర్చిన మనిషి. ప్రాగ్‌లో, లివర్‌పూల్‌లో పనిచేసి, శూన్యం ఎలా సాధించాలో, ఎలా కొలవాలో పుస్తకం రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆయన వచ్చేసరికి ఇక్కడ ఏ యంత్రముంది? అల్మారాలో డిటెక్టరు ఉన్న నీ పరిస్థితి అంతకంటే మెరుగే.

ఆ డిటెక్టరు బయటికి తియ్యి. సీజియం, కోబాల్టు సోర్సులు లాబులో ఉండే ఉంటాయి, వాటితో క్యాలిబ్రేషను చెయ్యి. తర్వాత ఎరువుల కొట్లో కిలో పొటాష్ కొనుక్కురమ్మని పిల్లల్నే పంపు. పొటాషియం-40 గీత 1.46 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లేస్తుంది, రైతు బిడ్డలకు అది మరిచిపోలేని దృశ్యం. సూర్యుడి పాఠం చెప్పేరోజు గుంటూరు సంగతి చెప్పు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచు మంటల వర్ణపటం చూశాడు. మచిలీపట్నంలో పాగ్సన్ చూశాడు. ఆనాడు కనిపించిన పసుపుపచ్చ గీతే తర్వాత హీలియం అని పేరు పెట్టుకుంది. భూమ్మీద 1895లో గానీ చేతికి దొరకలేదు. సూర్యుడి బూడిదను మనుషులు మొదట చూసింది మన ఊళ్ళ మీదుగా పోయిన నీడలో.

మీ నాన్న వచ్చే నెల మీ ఊరు వస్తున్నాడు. వాడి చేత క్లేటన్ పుస్తకం పంపుతున్నాను, అంచుల్లో నా పెన్సిలు రాతలుంటాయి, చెరపకు. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ సీసాలో భీమిలి తీరం నుంచి తెచ్చిన నల్ల ఇసుక అరకిలో. అందులో కాస్త మోనజైట్ ఉంటుంది, అంటే తోరియం. దాని అర్ధాయువు 1400 కోట్ల ఏళ్ళు. న్యూట్రాన్లు ఒక్కసారిగా కురిసే చోట తప్ప అది పుట్టదు. 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు అలాంటి చోటు ఒకటి చూశాం. ఆ వెలుగులో స్ట్రాన్షియం గుర్తు పట్టినట్టు 2019లో చెప్పారు. మన ఇసుకలో తోరియం కూడా అలాంటి ఢీకొనడంలోనే పుట్టిందా అంటే, ఇంకా పసుపు సుద్దే. పిల్లలకు అలాగే చెప్పు.

సీసా మూత చుట్టూ టేపు గట్టిగా చుట్టి నెల రోజులు కదపకుండా ఉంచు. ముందే పెట్టేస్తే రేడాన్ ఇంకా కూడుకోక యురేనియం వరస తక్కువ చూపిస్తుంది. తోరియం వరసది 2.614 దగ్గర స్పష్టంగా వస్తుంది. అలాంటి సీసానే ఇంకొకటి, ఖాళీది, అదే మూతతో, అంతే సేపు ముందు లెక్కపెట్టు. రెండు స్పెక్ట్రాలూ నాకు పోస్టులో పంపు. అనలైజరు పనిచేయకపోతే చెప్పు, నా దగ్గర పాతదొకటి ఉంది.

ఆశీస్సులతో,
నీ అత్త